మన స్వాములవారిని మనం ఎరుగుదుమా?



మీ విచారణ గురువులు ఏ ఊరివారో మీకు తెలుసునా? వారి తల్లిదండ్రులు ఇంకా జీవించి ఉన్నారా? గురువు కావాలనే తలంపు వారిలో మొదట ఏ వయసులో పుట్టింది, ఎవరి మాట వలన పుట్టింది? వారికి గురుపట్టాభిషేకం జరిగిన తేదీ ఏది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పగల కుటుంబాలు మీ విచారణలో ఎన్ని ఉన్నాయో ఒకసారి ఆలోచించండి.

బదిలీ మీద కొత్త స్వాములవారు వచ్చినప్పుడు మనం కొన్ని సంగతులు చాలా త్వరగా తెలిసికొంటాము. ప్రసంగం ఎంతసేపు చేస్తారు, పాట పాడగలరా, కోపిష్టియా శాంతపరులా, లెక్కల విషయంలో ఎట్లాంటివారు అన్నవి వారం తిరగకముందే ఊరంతా తెలిసిపోతాయి. పాత స్వాములవారితో పోల్చి చూడడం కూడా అప్పుడే మొదలవుతుంది. అయితే ఆ మనిషి ఏ దారిన నడచి మన గుడి మెట్లెక్కాడో, ఆ దారిలో ఎన్నిసార్లు కూలబడి లేచాడో అడిగేవారు తక్కువ.

పునీత యోహాను సువార్త పదవ అధ్యాయంలో మంచి కాపరిని గురించి ప్రభువు చెప్పిన మాటలు మనకందరికీ కంఠస్థమే. పదునాలుగవ వచనాన్ని నెమ్మదిగా చదివితే అందులో రెండు సంగతులు కనిపిస్తాయి. కాపరి తన గొఱ్ఱెలను ఎరుగుట ఒకటి. గొఱ్ఱెలు తమ కాపరిని ఎరుగుట రెండవది. మంచి కాపరి క్రీస్తునాథుడొక్కడే. మన గురువులు ఆయన మందలో పనివారు. అయినా ఆ మాట వారికీ మనకూ మధ్య కూడా నిజం కావాలి. స్వాములవారు మా ఇంటికి రాలేదు, మా వాడు జబ్బుపడితే పలకరించలేదు అని మనం అడుగుతాము. అది న్యాయమే. 1983 నాటి శ్రీసభ చట్టం 529వ సూత్రం కూడా విచారణ గురువు తనకప్పగింపబడిన విశ్వాసులను తెలిసికొనాలని, కుటుంబాలను సందర్శించాలని, వారి కష్టసుఖాలలో పాలుపంచుకోవాలని ఆదేశిస్తున్నది. మరి రెండవ సగం మాటేమిటి? మనం ఆయనను ఎరుగుదుమా?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తెలియాలంటే, విచారణ గురువులందరికీ పాలక పునీతుడైన జాన్ మరియ వియాన్నీ జీవితాన్ని చూడాలి. ఆగస్టు 4న ఆయన పండుగ చేసికొంటాము. పాపసంకీర్తన పీఠంలో గంటల తరబడి కూర్చున్న మహానుభావుడని మనకు తెలుసు. ఆయన ఆ పీఠం దాకా ఎట్లా చేరాడో మాత్రం చాలామందికి తెలియదు.

ఆయన 1786 మే 8న ఫ్రాన్సు దేశంలో, లియోన్ నగరం దగ్గర దార్దిలీ అనే పల్లెలో ఒక రైతు ఇంట పుట్టాడు. మూడేళ్ళకే ఫ్రెంచి విప్లవం వచ్చింది. ప్రభుత్వం కోరిన ప్రమాణం చేయని గురువులకు చెరసాల, దేశబహిష్కారం, మరణం తప్పలేదు. వారు మారువేషాలతో తిరుగుతూ రాత్రివేళ కొట్టాలలో, ఇండ్లలో దివ్యబలిపూజ చేసేవారు. వియాన్నీ తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని చీకటిలో అక్కడికి నడచి వెళ్ళేవారు. 1799లో, పదమూడేళ్ళ వయసులో, ఎక్యులీ అనే ఊళ్ళో ఒక ఇంట్లో రహస్యంగా ఆయన మొదటి దివ్యసత్ప్రసాదం పుచ్చుకొన్నాడు. లోపలి దీపాల వెలుగు బయటికి కనిపించకుండా కిటికీల ముందు ఎండుగడ్డి బండ్లు నిలబెట్టారు. గురువంటే ప్రాణం పణంగా పెట్టి ప్రభువును మన ఇంటికి తెచ్చేవాడని ఆ బాలుడు కళ్ళారా చూశాడు. ఆయన పిలుపుకు విత్తనం అక్కడే పడింది.

విత్తనం పడినంత మాత్రాన మొక్క పెరగదు. గురువునవుతానని కొడుకు చెప్పినప్పుడు తండ్రి ఒప్పుకోలేదు. ఆయన భక్తిలేనివాడు కాదు. పొలం పనికి చేతులు కావాలి, చదువుకు డబ్బు కావాలి. సుమారు రెండేళ్ళు ఆ ఇంట్లో ఈ మాట నలిగింది. తల్లి కొడుకు పక్షాన నిలిచింది. చివరికి తండ్రి సమ్మతించాడు. అప్పటికి కుర్రవానికి ఇరవై ఏళ్ళు. బడిలో కూర్చున్నది ఏ కొద్ది కాలమో.

ఎక్యులీ విచారణ గురువు షార్ల్ బల్లే స్వాములు ఆయనను తన దగ్గర పెట్టుకొని లాటిను నేర్పసాగారు. రాత్రి చదివింది తెల్లవారేసరికి మరచిపోయేవాడు. తనకంటే ఎంతో చిన్నవాళ్ళు గడగడ అప్పజెబుతుంటే తాను నీళ్ళు నమిలేవాడు. ఇక నా వల్ల కాదు, ఇంటికి పోతానన్నాడు. బల్లే స్వాములు పోనివ్వలేదు.

1809లో మరో దెబ్బ తగిలింది. గురువిద్యార్థులకు సైన్యంలో చేరడం నుండి మినహాయింపు ఉండేది. ఆయన పేరు ఆ జాబితాలో లేకపోవడంతో నెపోలియను సైన్యంలోకి పిలుపు వచ్చింది. జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. తన దళం ముందుకు సాగిపోయింది. వెనుకబడిన ఆయన చివరికి లే నోయె అనే కొండపల్లెకు చేరి సైన్యానికి దొరకకుండా దాగాడు. అక్కడ క్లొడీన్ ఫయో అనే విధవరాలు ఆయనకు చోటిచ్చి, తన బిడ్డలతోపాటు చూసుకొన్నది. సైనికులు వెదకుతూ వస్తే పట్టుబడే ప్రమాదం ఆమెకు కూడా ఉన్నది. 1810లో క్షమాభిక్ష ప్రకటించారు. ఆయనకు బదులుగా తమ్ముడు సైన్యంలోకి వెళ్ళాడు. ఇల్లు చేరిన కొద్దికాలానికే, 1811లో, తల్లి కన్నుమూసింది.

ఆ తరువాత లియోన్ గురువిద్యాలయంలో చేరితే పాఠాలన్నీ లాటినులోనే. కొన్ని నెలలకే చదువు రాదని ఇంటికి పంపించేశారు. బల్లే స్వాములు మళ్ళీ తన గదిలో కూర్చోబెట్టుకొని, ఈసారి ఫ్రెంచిలో చెప్పారు. పెద్దల దగ్గరికి వెళ్ళి ఆయన తరఫున మాట్లాడారు. చివరికి 1815 ఆగస్టు 13న గ్రెనోబుల్ నగరంలో ఆయనకు గురుపట్టం లభించింది. అప్పటికి వయసు ఇరవై తొమ్మిది. లియోన్ నుండి అంత దూరమూ ఒంటరిగా నడచి వెళ్ళాడు. ఆ రోజు పక్కన బంధువులెవరూ లేరు. గురువైన మొదట్లో పాపసంకీర్తనాలు వినే అనుమతి కూడా ఆయనకు ఇవ్వలేదు. అనుమతి వచ్చాక ఆయన ముందు మొట్టమొదట మోకరించినవాడు ఎవరో తెలుసునా? ఇన్నేళ్ళు చదువు చెప్పిన బల్లే స్వాములవారే.

ప్రియ పాఠకులారా, ఇప్పుడు లెక్క వేయండి. చీకటిలో పూజకు నడిపించిన తల్లిదండ్రులు, కష్టమైనా చివరికి సరేనన్న తండ్రి, పోనివ్వని ఒక ముసలి గురువు, చోటిచ్చిన విధవరాలు, సైన్యంలోకి వెళ్ళిన తమ్ముడు. వీరంతా తలో చెయ్యి వేయకపోతే వియాన్నీ ఒక మంచి రైతుగా దార్దిలీలోనే మిగిలి ఉండేవాడేమో. పిలిచేవాడు దేవుడే, సందేహం లేదు. ఆ పిలుపు మనిషిని చేరేది, మనిషిలో నిలిచేది మాత్రం తోటివారి చేతుల మీదుగానే. బాలుడైన సమూయేలు సంగతి కూడా అంతే. దేవుడు పేరుపెట్టి పిలుస్తుంటే ఆ పిల్లవాడు ప్రతిసారీ ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. పిలుస్తున్నది ప్రభువని గ్రహించి, మళ్ళీ పిలిస్తే ఏమి బదులు పలకాలో నేర్పినవాడు కళ్ళు మసకబారిన ఏలీ. అతడు విసుక్కొని వెళ్ళి పడుకోమని ఊరుకొని ఉంటే?

మన శ్రీసభ గురుపట్టాభిషేక సాంగ్యంలోనే ఈ సత్యాన్ని ఉంచింది. అభ్యర్థిని పేరుపెట్టి పిలుస్తారు. అతడు ముందుకు వస్తాడు. ఇతడు యోగ్యుడని మీకు తెలుసునా అని మేత్రాణులు అడుగుతారు. క్రైస్తవ ప్రజలను విచారించిన మీదట, బాధ్యులైన పెద్దల సిఫారసు మీద యోగ్యుడని తేలినదని సమాధానం వస్తుంది. అంటే ఒక గురువు అభిషేకం వెనుక విశ్వాసుల సాక్ష్యం ఉన్నది. మీ ఊరి కుర్రవాడు గురువవుతుంటే గుడిలో ఆ సంగతి ప్రకటించి, అభ్యంతరముంటే తెలుపమని అడగడం అందుకే. అక్కడ మన ఎరుక పనికివస్తుంది. గురుపట్టం అయిన మరునాటి నుండి మన బాధ్యత తీరిపోతుందా?

తీరదనే ఆర్స్ గ్రామం చెబుతున్నది. 1817 డిసెంబరులో బల్లే స్వాములు మరణించారు. 1818 ఫిబ్రవరిలో వియాన్నీని ఆర్స్‌కు పంపించారు. సుమారు 230 మంది ఉన్న చిన్న పల్లె. దారి తెలియక ఒక గొఱ్ఱెలకాపరి కుర్రవాణ్ణి అడిగి, నీవు నాకు ఆర్స్‌కు దారి చూపావు, నేను నీకు మోక్షానికి దారి చూపుతాను అన్న భావంతో ఆయన పలికిన మాట ఆ ఊరివారు నేటికీ గుర్తుంచుకొన్నారు. ఆ పల్లె ఆయనను పూలదండలతో ఏమీ నిలబెట్టుకోలేదు. ఆదివారం పనులు, సారాయి కొట్లు, నృత్యాలు వదలమంటే చాలామందికి కోపం వచ్చింది. ఆయన మీద నిందలు వేశారు. తోటి గురువులు కొందరు ఈయనకు చదువు లేదని మేత్రాణులకు పితూరీ రాసి సంతకాలు సేకరించారు. ఆ కాగితం తిరిగి తిరిగి ఆయన చేతికే వచ్చింది. ఆయన తన సంతకం కూడా పెట్టి పంపించాడు.

కాలక్రమాన ఊరు మారింది. 1824లో పేద ఆడపిల్లల కోసం ఆయన పాఠశాల తెరిస్తే దాన్ని నడిపినవారు ఆ ఊరి యువతులే. దేశం నలుమూలల నుండి జనం వచ్చారు. రోజుకు పదహారు గంటల వరకు పాపసంకీర్తనాలు విన్న రోజులున్నాయి. ఇంత పేరు వచ్చిన తరువాత కూడా ఆయన ఒకటికి మూడుసార్లు ఆ ఊరు విడిచిపోవాలని చూశాడు. అలసట ఒకటి, ఇంతమంది ఆత్మల భారం మోయడానికి తాను తగనన్న భయం మరొకటి. ఏకాంతంలో ప్రార్థన చేసికొంటూ కన్నుమూయాలని ఆయన ఆశ. 1843లో అన్నగారి ఇంటికి వెళ్ళిపోతే జనం అక్కడికే వచ్చారు. 1853 సెప్టెంబరులో ఒక రాత్రి బయలుదేరితే ఊరి గంట మోగింది. జనం లేచి దారికి అడ్డం నిలిచి బ్రతిమాలారు. ఆయన తిరిగి వచ్చి పాపసంకీర్తన పీఠంలో కూర్చున్నాడు. 1859 ఆగస్టు 4న మరణించేవరకు అక్కడే ఉన్నాడు. 1925లో శ్రీసభ ఆయనను పునీతుడుగా ప్రకటించింది; 1929లో విచారణ గురువుల పాలకునిగా నియమించింది.

ఒక పునీతుడు కూడా అలసిపోయి ఇల్లు విడిచిపోవాలనుకొన్నాడంటే, మన విచారణ గురువులు ఎప్పుడూ అలసిపోరని ఎట్లా అనుకొంటాము? క్రిస్మస్ రాత్రి పూజలో జనంతో గుడి కిటకిటలాడుతుంది. పూజ ముగిసి మనమందరం ఇంటికి చేరి పిల్లలతో పిండివంటలు తింటున్నప్పుడు ఆయన తలుపు తీసుకొని ఖాళీ బంగళాలోకి వెళతారు. ఉపకేంద్రంలో మరో పూజకు మోటారుసైకిలు ఎక్కుతారు. సొంత తల్లి మంచం పట్టినా, మన ఊరి పండుగ నవదిన ప్రార్థనలు విడిచి వెళ్ళలేని రోజులు వారికి ఉంటాయి. అవన్నీ ఆయన చెప్పరు. మనం అడగము.

ఆయన మనకోసం చేసే పనులలో మనకు కనిపించనివి కూడా ఉన్నాయి. శ్రీసభ చట్టం 534వ సూత్రం ప్రకారం ప్రతి విచారణ గురువు ఆదివారాలలోను, మేత్రాసనంలో అప్పు పండుగలైన దినాలలోను తన విచారణ ప్రజల కోసం ఒక దివ్యబలిపూజ అర్పించి తీరాలి. ఆ పూజకు ఎవరూ కానుక ఇవ్వనక్కరలేదు. మీరు గుడికి వచ్చినా రాకపోయినా, ఆయనతో మీకు మాటలున్నా లేకపోయినా, ఆ పూజలో మీరు ఉన్నారు. అనుదినం ఆయన చేయవలసిన గడియల ప్రార్థనలో శ్రీసభ అంతటితోపాటు మీ ఇల్లు కూడా ఉన్నది. ఇంటర్ చదివిన కుర్రవాడు గురువు కావడానికి ఆరేళ్ళకు తక్కువ కాని తత్త్వశాస్త్ర, వేదాంతశాస్త్ర విద్య ఉన్నది. మిగతా శిక్షణ కలిపితే పదేళ్ళ దాకా పడుతుంది. ఆ పదేళ్ళలో ఎవరి ప్రార్థనలు, ఎవరి కష్టార్జితం ఆయనను నిలబెట్టాయో ఆయనకు గుర్తే.

ఎరుగుట అంటే పొగడుట కాదు. ఆయన బంగళా చుట్టూ తిరుగుతూ పనులు చేయించుకోవడం అసలే కాదు. స్వాములవారిలో లోపం కనిపిస్తే అరుగుమీద కూర్చొని నలుగురిలో అనడం కంటే, ఆయన దగ్గరికి వెళ్ళి మర్యాదగా చెప్పడం క్రైస్తవ పద్ధతి. వియాన్నీ మీద పితూరీ రాసినవారు ఆయనతో నేరుగా మాట్లాడి ఉంటే ఎంత బాగుండేది! అయితే ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. పిల్లలకు గాని, నిస్సహాయులకు గాని హాని జరిగితే, చేసినవారు ఎవరైనా సరే, గౌరవం పేరుతో దాచకూడదు. మేత్రాణులకూ చట్టానికీ తెలియజేయాలి. అటువంటి ఫిర్యాదులు స్వీకరించే ఏర్పాటు ప్రతి మేత్రాసనంలోను ఉండాలని పోపు ఫ్రాన్సిస్ 2019లో శాసనం చేశారు. నిజమైన గురువులను ప్రేమించేవారే ఈ విషయంలో ముందుండాలి.

ఇక మన ఇండ్ల సంగతి. ఒకప్పుడు ఇంటికి ఐదారుగురు పిల్లలుండేవారు. ఒకరిని దేవునికి ఇవ్వడం గౌరవంగా భావించేవారు. ఇప్పుడు చాలా ఇండ్లలో ఒకరో ఇద్దరో. కొడుకు పదవ తరగతిలో, అమ్మా, నేను ఫాదర్ అవుతానంటే మనకు గుండె ఆగినంత పని అవుతుంది. నవ్వి మాట మార్చేస్తాము. ముసలితనంలో మమ్మల్ని ఎవరు చూస్తారు, వంశం ఏమవుతుంది అంటాము. ఈ భయాలు అబద్ధం కావు. వియాన్నీ తండ్రి భయమూ అబద్ధం కాదు. ఆయన రెండేళ్ళు ఆగాడు, ఆలోచించాడు, తరువాత చేయి వదిలాడు. బలవంతంగా ఎవరినీ గురువిద్యాలయానికి పంపకూడదు. పిలుపున్నవాణ్ణి బలవంతంగా ఆపకూడదు. పిల్లవాడి మాటను వినండి. విచారణ గురువులతో కలిపి కూర్చోబెట్టండి. ఏలీ చేసిన పని ఇదే.

మావాడికి మార్కులు రావు, మేము పేదవాళ్ళము అనేవారు మన తెలుగు శ్రీసభనే చూడండి. కర్నూలు జిల్లాలో పుట్టి, పేదరికం వలన చదువు మధ్యలో ఆగిపోయిన ఒక బాలుణ్ణి మిషనరీలు చేరదీసి తిరిగి బడికి పంపారు. 1992లో కడప మేత్రాసనానికి గురువైన ఆ బాలుడే హైదరాబాదు అగ్రపీఠాధిపతులైన పూల అంతోని గారు. 2022 ఆగస్టు 27న ఆయన కార్డినల్ అయినారు. కార్డినల్ పదవి పొందిన మొదటి తెలుగువారు, దళితులలో మొదటివారు ఆయనే. ఆనాడు ఆ పిల్లవాని చేయి పట్టుకొన్నవారికి ఈ సంగతి ఏమి తెలుసు? వారు చేయవలసినది చేశారు, అంతే.

1964 నుండి శ్రీసభ ప్రతి సంవత్సరం మంచి కాపరి ఆదివారం నాడు దైవపిలుపుల కోసం ప్రార్థిస్తున్నది. రెండవ వాటికన్ మహాసభ 1965లో ఈ బాధ్యత క్రైస్తవ సంఘమంతటిది అని బోధించింది. ఏడాదికొక ఆదివారం ప్రార్థించి, మిగతా యాభై ఒక్క ఆదివారాలు ఉన్న గురువును గురించి ఇంట్లో తేలికగా మాట్లాడుకొంటే, వింటున్న పిల్లవానికి ఏ మాట మనసుకు ఎక్కుతుంది? భోజనాల దగ్గర తల్లిదండ్రుల నోట గురువును గురించి వచ్చే మాటే మొదటి గురువిద్యాలయం.

కాబట్టి వచ్చే ఆదివారం ఒక పని చేయండి. పూజ అయిన తరువాత స్వాములవారిని మీ ఇంటికి పిలవండి. పెద్ద విందు అక్కరలేదు. మీరు తినేదే పెట్టండి. పిల్లలను దగ్గర కూర్చోబెట్టి, మీకు దేవుని పిలుపు ఎట్లా వచ్చింది స్వామీ, దారిలో మిమ్మల్ని ఎవరు ఆదుకొన్నారు అని అడగండి. ఆయన కొంచెంసేపు మౌనంగా ఉండవచ్చు. ఆ తరువాత ఒక తల్లి పేరో, ఒక ఉపదేశిగారి పేరో, ఫీజు కట్టిన ఒక మఠకన్య పేరో వస్తుంది. ఆ పేర్లు మీ పిల్లలు విననివ్వండి. ఆయన గురుపట్టాభిషేకం తేదీని మీ కేలండరులో రాసుకోండి. రాత్రి జపమాల చివర ఒక మంగళవార్త జపం ఆయన పేరుపెట్టి చెప్పండి. ఇంటికి దూరమైన ఆయన తల్లిదండ్రుల కోసం మరొకటి చెప్పండి.

ఆయన మీ విచారణలో మూడేళ్ళుంటారో ఆరేళ్ళుంటారో మనకు తెలియదు. బదిలీ అయి వెళ్ళేనాటికి, ఈ ఊరివారు నన్ను ఎరుగుదురు అని ఆయన అనుకోగలిగితే ఆ పిలుపును మోయడంలో మీరూ ఒక చెయ్యి వేసినట్లే. మంచి కాపరియైన క్రీస్తునాథుడు, ఆర్స్ పునీతుని మనవి వలన, మన విచారణలకు మంచి గురువులను, మన గురువులకు తమను ఎరిగిన ప్రజలను అనుగ్రహించునుగాక. ఆమెన్.